ఆగే బండి

ఇల్లు, వీధి వైపు గది

పిడుగుకి,

నువ్వు కొండెక్కి కూర్చున్నాక రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. ఆ వాతావరణ కేంద్రంలో ఫోను మోగదనీ, జీపు తెచ్చే ఉత్తరాలే దిక్కనీ మీ అన్నయ్య చెప్పారు. చెప్పారంటే ఏదో కబుర్లాడుతూ చెప్పారనుకునేవు. నేను అడగ్గా అడగ్గా, గోడకు చెప్పినట్టు చెప్పారు.

ఇక్కడ సంగతి నీకు తెలిసిందే. ఆ స్కూటరు మనిషి తను నడిపే ఇంజను కింద పడ్డ రోజు నుంచి ఆయన డ్యూటీకి వెళ్ళలేదు. మూసిన రైలు గేటు కింద నుంచి దూరి వచ్చాడు కాబట్టి డ్రైవరు తప్పేమీ లేదని విచారణలో తేల్చేశారు. మళ్ళీ డ్యూటీ ఎక్కొచ్చని సంతకం పెట్టడానికి రైల్వే డాక్టరమ్మ సిద్ధంగానే ఉంది. ఈయనే ఆమె దగ్గరికి వెళ్ళరు. పొద్దున లేచి, స్నానం చేసి, యూనిఫాం చొక్కా వేసుకుని మరీ నువ్వు కంప్యూటరులో పెట్టించిన ఆ రైలు ఆట ముందు కూర్చుంటారు. నిజం రైలు ఎక్కని మనిషి బొమ్మ రైలుకి చొక్కా ఎందుకు వేసుకుంటారో నాకు బుర్రకెక్కదు. అడిగితే "చొక్కాలు పాడైపోతాయి, వాడకపోతే" అంటారు.

అసలు విషయానికి వస్తాను. కంప్యూటరు పని అయిపోయినట్టుంది. ఆ ఆట రోజూ ఒకే చోట ఆగిపోతోంది. మలుపు తిరిగి కాస్త దూరం వెళ్ళగానే బండి నిలబడిపోతుంది. ఎదురుగా దూరంగా ఒక చిన్న గది, దాని పక్కన నీలం రంగు డ్రమ్ము. అంతే, ఆ బొమ్మ అలాగే ఉండిపోతుంది. ఈయన దాన్ని చూస్తూ కూర్చుంటారు, టీ చల్లారిపోతుంది. నేను వెళ్ళి చూస్తే డిస్కు నిండిపోయిందని కింద ఎర్ర గీత చూపిస్తోంది. తెరిచి చూద్దును కదా, ఎక్కడెక్కడి రూట్లో, ఇంజన్లో, పెట్టెలో! ఈయన నడిపేది ఒక్క రూటే. తక్కినవన్నీ ఎవరి కోసం?

తీసేద్దామనుకున్నా. చెయ్యి ఆడలేదు. నేను కట్టుడు పళ్ళ ల్యాబులో పనిచేసేదాన్ని, మైనంతో చిగుళ్ళు చెక్కమంటే చెక్కుతాను గానీ ఇవి నాకు తెలీవు. ఆయనకున్నది ఆ ఒక్క వ్యాపకం, అదీ నా చేతులతో పాడైపోతే ఆయన ముఖం ఎలా చూడను? ఏది తీయొచ్చో, ఎలా తీయాలో, నాకు అర్థమయ్యే మాటల్లో రాయి. ఆయనకు తెలియనివ్వకు.

వదిన

—

కొండమీద, గాలి కొలిచే గది

వదినా,

నీ ఉత్తరం తడిసి వచ్చింది, అయినా చదివాను. మంచు పట్టి పరికరాలన్నీ తప్పులు చూపిస్తున్నాయి. రోజంతా ఒక గుడ్డ పట్టుకుని వాటి మూతులు తుడవడమే నా ఉద్యోగం.

డిలీట్ బటన్ నొక్కకుండా నాకు రాశావు చూడు, అది మంచి పని చేశావు. నీ ల్యాబు భాషలో చెప్తా. నోట్లో ఒక కట్టుడు పన్ను ఉంది, దాన్ని నిలబెట్టడానికి పక్క పన్నుకి తీగ తగిలించారు. పక్క పన్ను పనికిరాదని పీకేశావనుకో, కట్టుడు పన్ను కూడా ఊడి చేతికొస్తుంది. ఈ ఆట కూడా అంతే. ఒక రూటు తయారుచేసినవాడు చెట్లు ఇంకో ప్యాకు నుంచి, దీపాలు మరో ప్యాకు నుంచి అరువు తెచ్చుకుంటాడు. ఒక రూటును అన్నయ్య ఎప్పుడూ తెరవకపోయినా, దాంట్లోని సామాను వాడు నడిపే రూటులో ఉండొచ్చు.

అందుకని ముందు అల్మరాలో ఉన్న నల్ల డిస్కు తీసి, ఆట ఫోల్డరు మొత్తం దాంట్లోకి కాపీ చెయ్. ఫోల్డర్లలోకి దూరి చేత్తో ఏదీ తుడవకు. మనం ఆట కొన్న స్టోరు తెరిచి, ఆట పేరు మీద మౌసు కుడి బటన్ నొక్కితే అదనపు ప్యాకుల జాబితా ఎక్కడుందో చూపిస్తుంది. వద్దనుకున్న దాని పక్కన టిక్కు తీసేస్తే చాలు, స్టోరే దాన్ని శుభ్రంగా తుడిచేస్తుంది. కొన్నది ఎక్కడికీ పోదు. కావాలంటే మళ్ళీ టిక్కు పెట్టు, మళ్ళీ దిగుతుంది. ఒకసారికి ఒక్కటే తీయి. తీసిన ప్రతిసారీ అన్నయ్య రూటు ఒకసారి నడిపి చూడు. అంతా బాగుంటేనే రెండోదాని జోలికి వెళ్ళు.

ఇంకో మాట. 'మనది' అని పేరున్న ఫోల్డరొకటి కనిపిస్తుంది. దాన్ని మాత్రం ముట్టుకోకు. అది స్టోరులోది కాదు, పోతే మళ్ళీ రాదు.

ఆట ఆగిపోయినప్పుడు తెర మొత్తం బిగుసుకుపోతోందా, లేక ఏదైనా కదులుతోందా? దగ్గరగా చూసి రాయి. అన్నయ్య అప్పుడేమైనా అంటాడా? తింటున్నాడా సరిగ్గా?

పిడుగు

—

ఇల్లు, అదే గది

పిడుగూ,

నీ ఉత్తరం పక్కన పెట్టుకుని, ఆయన క్షౌరానికి వెళ్ళిన పూట మొదలుపెట్టాను. కాపీ అయ్యేసరికే ప్రాణం పోయింది. ముందు గూడ్సు బండి ప్యాకు తీశాను. దాన్ని ఆయన ఒక్కనాడూ తెరవలేదని అందులోనే రాసి ఉంది. రూటు నడిపి చూశా, నా డ్రైవింగు సంగతి అడగకు, స్టేషన్లన్నీ దాటేసుకుంటూ పోయాను. కానీ ఏదీ చెడలేదు. దాంతో నాకు ధైర్యం వచ్చేసి, మంచు కొండల రూటు టిక్కు తీసేసి, చూడకుండానే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. అక్కడే వచ్చింది తంటా.

మర్నాడు పొద్దున గదిలోంచి కేక. "ఇదిగో, ఇలా రా! మన స్టేషన్ని ఎవరో ఎత్తుకుపోయారు!"

వెళ్ళి చూస్తే ప్లాట్‌ఫారం లేదు. జనం మాత్రం ఉన్నారు, సంచులు పట్టుకుని గాల్లో నిలబడి రైలు కోసం చూస్తున్నారు. నా పని అయిపోయిందనుకున్నాను. ఈయన మాత్రం నవ్వారు పిడుగూ. "అరుగు లేకపోయినా క్యూ తప్పలేదు చూడు" అని పడీపడీ నవ్వారు. ఎన్నాళ్ళకో విన్నాను ఆ నవ్వు. సంతోషించాలో, చేసింది నేనేనని చెప్పాలో తెలియక, నేనూ ఓ నవ్వు నవ్వి ఊరుకున్నాను. ఆయన స్నానానికి వెళ్ళగానే టిక్కు మళ్ళీ పెట్టేశాను. ప్లాట్‌ఫారం తిరిగొచ్చింది.

ఆ తర్వాత నాలుగైదు రూట్లు ఒద్దికగా ఒక్కొక్కటే తీశాను. ఎర్ర గీత పోయింది. కానీ బండి ఆగడం మాత్రం ఆగలేదు.

నువ్వు చూడమన్నావని నిన్న కుర్చీ వెనకాలే నిలబడి చూశాను. ఆటలో వాన పడుతోంది. బండి ఎప్పటిలాగే ఆ డ్రమ్ము ఇవతల నిలబడింది. తెర బిగుసుకోలేదు. అద్దం మీద వైపరు అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. వాన కారుతూనే ఉంది. మీ అన్నయ్య చెయ్యి బ్రేకు మీట మీద ఉంది.

అంటే ఆగిపోతున్నది కంప్యూటరు కాదా? ఈయనే ఆపుతున్నారా? రోజూ? అక్కడేముందని? డిస్కు నిండి ఆగుతోందనుకుని ఇన్నాళ్ళూ నేను శుభ్రం చేసింది ఏమిటి?

'మనది'లో ఏముందో చెప్పు. దాని గురించి నువ్వు రాసిన తీరు నాకు అప్పుడే ఏదోలా అనిపించింది.

వదిన

—

కొండమీద

వదినా,

ఈ ఉత్తరం రాయడానికి కూర్చుని లేచి, కూర్చుని లేచి, జీపు వెళ్ళిపోతే ఇంకో వారం ఆగాల్సి వచ్చింది. ఇప్పటికీ ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

'మనది'లో ఉన్నది ఆ గేటు. అంటే ఆ స్కూటరు మనిషి పోయిన గేటు. అన్నయ్య నడిపే రూటు వేరెక్కడిదో అయినా, మలుపు తర్వాత కొంత మేర అచ్చం అలాగే ఉంటుంది. నేను కొండకు బయల్దేరే ముందు వాడు నన్ను పిలిచి, "అక్కడ ఆ గేటు పెట్టగలవా?" అన్నాడు. గేట్‌మాన్ గది ఏ వైపు ఉండాలో, నీలం డ్రమ్ము ఎక్కడుండాలో, అన్నీ వాడే చెప్పాడు. కాగితం మీద బొమ్మ కూడా గీశాడు. నువ్వు ఆ చోటు ఎప్పుడూ చూడలేదు కాబట్టి గుర్తుపట్టవని వాడికి తెలుసు. నీకు చెప్పొద్దన్నాడు.

నేను, ఈత భయం పోవాలంటే నీళ్ళలోనే దిగాలి కదా, అలాంటిదేదో అనుకున్నాను. రెండుమూడు రోజులు అక్కడ దాటి వెళ్తాడు, గుండె కుదుటపడుతుంది, డ్యూటీకి వెళ్తాడు అనుకున్నాను. దాటడమే లేదని నీ మొదటి ఉత్తరం చూశాక గానీ తెలియలేదు. నేను వాడికి చేసి ఇచ్చింది మందో, ఇంకేదో నాకు తెలీడం లేదు వదినా. ఇక్కడ గాలి ఎంత వేగంతో వీస్తోందో చెప్పగలను గానీ, మా అన్నయ్య కుర్చీలో కూర్చుని ఏం చూస్తున్నాడో చెప్పలేను.

నీకు తీసేయాలనిపిస్తే తీసేయి. కానీ తుడవకు. ఆట మూసి, 'మనది' ఫోల్డరును పట్టుకెళ్ళి డెస్క్‌టాప్ మీద పెట్టు, అంతే. ఆటకు అది కనపడదు. గేటుండదు, గదుండదు, పట్టాలు తిన్నగా పొలాల్లోంచి పోతాయి. వద్దనుకుంటే మళ్ళీ యథాస్థానంలో పెట్టేయొచ్చు.

తీయమనీ అనను, వద్దనీ అనను. డాక్టరమ్మను అడిగితే బాగుంటుందేమో.

పిడుగు

—

ఇల్లు

పిడుగుకి,

నీ మీద చాలా కోపం వచ్చింది. అన్నదమ్ములిద్దరూ కలిసి నా ఇంట్లో నా పక్క గదిలోనే ఆ గేటు తెచ్చి పెట్టారు, నేను దానికి రోజూ టీ పట్టుకెళ్ళాను. ఇంతకంటే రాయను. రాస్తే ఉత్తరం చిరిగిపోతుంది.

డాక్టరమ్మను అడగలేదు. అడిగి ఉండాల్సింది. ఉత్తరం చదివిన విసురులో వెళ్ళి ఫోల్డరు తీసి డెస్క్‌టాప్ మీద పడేశాను.

మర్నాడు ఆయన చొక్కా గుండీలు పెట్టుకుని కూర్చున్నారు. నేను వరండాలో బల్ల వేసుకుని, ల్యాబు నుంచి తెచ్చుకున్న ఒక ముసలాయన దవడ అచ్చు మీద పళ్ళు అమర్చుతున్నాను. కళ్ళు పళ్ళ మీద, చెవులు గదిలో. బండి మలుపు తిరిగిన చప్పుడైంది. ఎప్పటిలాగే బ్రేకు వేశారు. తర్వాత కుర్చీ వెనక్కి జరిగింది.

ఆయన వచ్చి నా బల్ల ముందు నిలబడ్డారు. "గేటేది?" అన్నారు.

"తీసేశాను."

"ఎందుకు తీశావు?"

"మీరక్కడ ఆగిపోతున్నారు కదా. అది లేకపోతే ముందుకు పోతారని."

"గేటు లేకపోతే నాకెలా తెలుస్తుంది?" అని అరిచారు. ఆయన అరవడం నేను పెళ్ళైనప్పటి నుంచీ వినలేదు. మైనం కత్తి బల్ల మీద పెట్టేశాను. "ఏం తెలియాలండీ?" అన్నాను.

అప్పుడు చెప్పారు. నిలబడే చెప్పారు, గోడ వైపు చూస్తూ. ఆ రోజు మలుపు తిరగగానే స్కూటరు కనబడిందట. హారన్ కొట్టి, బ్రేకు వేశారట. బండి ఆగలేదు. గేటు దాటి ఎంతో దూరం పోయి ఆగింది. "ఆటలో అదే మలుపు, అదే చోటు. స్కూటరు కనబడ్డ చోటే బ్రేకు వేస్తున్నాను. రోజూ ఆగుతోంది. గేటుకు చాలా ఇవతలే ఆగుతోంది. ఒక్క రోజు కూడా తప్పలేదు" అన్నారు. "అంటే ఆ రోజు నేనేం చేశాను? ఆలస్యంగా వేశానా? చెయ్యి సగంలో ఆగిందా? విచారణ వాళ్ళు నా ముఖం చూసి రాసేశారా?"

నువ్వే చెప్పు పిడుగూ. ఆటలో ఆగితే నిజంలోనూ ఆగాల్సిందేనా? విచారణ చేసినవాళ్ళది తప్పా, నువ్వు చేసిన బొమ్మది తప్పా? నాకేం తెలుసు? నేను ఆయన చొక్కా పట్టుకుని నిలబడ్డాను. మైనం అంటింది దానికి.

ఫోల్డరు మళ్ళీ పెట్టేశాను. ఆయన పెట్టమన్నారు. వెంటనే రాయి. ఇది తేలేదాకా నాకు అన్నం సహించదు.

వదిన

—

కొండమీద

వదినా,

జీపు డ్రైవరు హారన్ కొడుతున్నాడు, నిలబడి రాస్తున్నాను.

ఆట చెప్పేది అబద్ధం. ఆ రూటులో అన్నయ్య నడుపుతున్నది ఖాళీ ప్యాసింజరు బండి. పైగా బ్రేకులు 'సులభం' అనే చోట పెట్టి ఉన్నాయి. అది పెట్టింది నేనే, నేను ఆడేటప్పుడు ప్రతి స్టేషనూ దాటిపోతున్నానని. సైకిలు ఆగినట్టు ఆగుతుంది అది. ఆ రోజు వాడు నడిపింది నిండు లోడు గూడ్సు. దానికీ దీనికీ పోలికే లేదు.

నువ్వు మొదట తీసేసిన ప్యాకు ఉంది చూడు, ఒక్కనాడూ తెరవలేదన్నావే, అదే కావాలి. గూడ్సు ప్యాకుకు టిక్కు మళ్ళీ పెట్టు. ఆట సెట్టింగుల్లో బ్రేకులు 'సులభం' నుంచి 'వాస్తవం'కి మార్చు. బండికి నిండు లోడు ఎంచుకో. అదే మలుపు, అదే గేటు. అప్పుడు నడపమను.

ఒక్కటే నాకు అంతుబట్టడం లేదు. అన్నేళ్ళు బండి నడిపినవాడికి బ్రేకు తేడా తెలియకుండా ఎలా ఉంటుంది?

పిడుగు

—

ఇల్లు, వరండా

పిడుగూ,

టిక్కు పెట్టాను. దిగడానికి ఒక పూట పట్టింది. ఆయనకు దాచకుండా నీ ఉత్తరం చేతికిచ్చాను. చదివి మడిచి ఇచ్చేశారు. "ఆ బండి నేను నడపను" అన్నారు. చాలా రోజులు అలాగే గడిచాయి. ఆట వైపే వెళ్ళలేదు. చొక్కా కూడా వేసుకోలేదు. పాడు చేశానా, బాగు చేశానా అని నేను కొట్టుమిట్టాడాను. ల్యాబులో ఒకావిడకు పై పళ్ళు కింద, కింద పళ్ళు పైన అమర్చి ల్యాబు యజమాని చేత చివాట్లు తిన్నాను.

తర్వాత ఒక ఆదివారం, చెప్పాపెట్టకుండా, "రా, పక్కన కూర్చో" అన్నారు. గూడ్సు తీశారు. మలుపు తిరిగింది. బ్రేకు పూర్తిగా వేశారు, నేను కళ్ళారా చూశాను. చక్రాల రొద పెద్దదైంది గానీ బండి నెమ్మదించినట్టే లేదు. నీలం డ్రమ్ము వచ్చింది, వెళ్ళిపోయింది. గేటు వచ్చింది, వెళ్ళిపోయింది. ఇక ఆగదేమో అనుకున్నాక ఆగింది. ఎటు చూసినా పొలాలే.

నేను ఏడ్చాను. ఆయన ఏడవలేదు. "నాకు తెలుసే" అన్నారు.

"ఏం తెలుసు?"

"ఆ లోడుతో అక్కడ ఆగదని. ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే తెలుసు. ఆ ఖాళీ బండి బ్రేకు బూటకమని మొదటి రోజే చేతికి తెలిసిపోయింది."

"మరి రోజూ దాన్నే ఎందుకు నడిపారు?"

బ్రేకు మీట మీంచి చెయ్యి తీశారు. "ఆగే బండిని నడపాలనిపించింది" అన్నారు. "ఆగుతుంటే, నాదే తప్పనిపించేది. అయినా బాగుండేది. ఎందుకో అడక్కు. నాకూ తెలీదు."

నువ్వు అడిగినదానికి ఇదే జవాబు. నాకు సగమే అర్థమైంది. నీకు పూర్తిగా అర్థమైతే రాయి.

డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ముందు యార్డులో పెట్టెలు అటూ ఇటూ మార్చే పని చేస్తానన్నారు. ఆవిడ సరేనంది. పై నెల నుంచి వెళ్తారు. మెయిన్ లైనులో బండి ఎక్కుతారో లేదో తర్వాత చూడాలి.

వచ్చేటప్పుడు మా ఇంటి వైపు వెళ్ళే బస్సు కాకుండా వేరే బస్సెక్కించారు. ఎక్కడికంటే చెప్పలేదు. దిగాక చూద్దును కదా, ఆ గేటు. అంతకాలం ఆ దారిన బండి నడిపిన మనిషి, రోడ్డు వైపు నుంచి దాన్ని ఎప్పుడూ చూడలేదట. గేటు పడి ఉంది. మాతోపాటు ఒక ట్రాక్టరు, బడి నుంచి వస్తున్న ఇద్దరు టీచరమ్మలు, మేకల్ని తోలుకుపోతున్న మనిషి నిలబడ్డారు. అందరూ విసుక్కుంటున్నారు. ఈయన కూడా వాళ్ళలాగే మెడ చాపి బండి వస్తోందా అని చూశారు.

గూడ్సు వచ్చింది. నేల అదిరింది. ఇంజను మమ్మల్ని దాటడం రెప్పపాటు. పెట్టెలు మాత్రం పోతూనే ఉన్నాయి.

"డ్రైవరు కనిపించాడా?" అన్నారు.

"లేదు."

"నాకూ కనిపించలేదు. వాడికీ మనం కనిపించి ఉండం." ఆఖరి పెట్టె పోయాక, "పాపం" అన్నారు.

డ్రైవరునో, ఆ స్కూటరు మనిషినో. గేటు లేచింది. జనంతోపాటు ఆయన నడిచారు, ఆయన వెనక నేను. పట్టాల మధ్యకొచ్చాక ఒకసారి ఆగి, అటూ ఇటూ చూసి, నా చెయ్యి పట్టుకున్నారు. అవతలికి చేరి కాసేపు నిలబడ్డాక గానీ మేము దిగిన వైపే మా బస్సు ఎక్కాలని ఇద్దరికీ గుర్తు రాలేదు. మళ్ళీ దాటాం.

వదిన